చదునైన నేలకూ వాలు ఉన్నది

పిల్లలూ! మీరెప్పుడైనా గోదావరి కాలువగట్టు మీద మీ ఇంటివాళ్ళతో కలిసి నడిచారా? ఒక పక్క నీళ్ళు, రెండో పక్క వరిచేలు, వాటి వెనక కొబ్బరిచెట్లు. కనుచూపుమేర ఎత్తుపల్లాలే కనిపించవు. అందుకే అమ్మమ్మా నడవగలదు, చిన్న తమ్ముడూ నడవగలడు. అయితే, "అంతా ఒకేలా ఉంది, ఇందులో చూడడానికేముంది?" అని మీకు అనిపించవచ్చు.

నిజానికి ఈ నేల అంత చదునుగా లేదు. దీని వాలు మన కంటికి ఆనదు, అంతే. నీటికి మాత్రం ఆ వాలు బాగా తెలుసు. ఈసారి సెలవుల్లో ధవళేశ్వరం వెళ్ళండి. అక్కడి నుంచి కాలువ వెంట రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే చాలు, ఆ వాలును మీరే పట్టుకోవచ్చు.

ఎంత వాలు?

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. రాజమహేంద్రవరానికి దిగువన ఉన్న ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. అక్కడి ఆనకట్ట వద్ద నిలిచే నీటి మట్టం సముద్ర మట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి పాయల వెంట సముద్రం దాదాపు 70 కిలోమీటర్ల దూరం. 14 మీటర్లను 70తో భాగించండి. కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు వస్తుంది. అంటే నూరు మీటర్ల పొడవున్న మీ బడి ఆటస్థలంలో ఈ చివరికీ ఆ చివరికీ తేడా రెండు సెంటీమీటర్లే! కంటికి ఎలా కనిపిస్తుంది?

ఈ నేలను నదే తయారుచేసింది. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వస్తుంది కదా! ఆ రంగు ఒండ్రుమట్టిది. మైదానంలోకి వచ్చిన నది వేగం తగ్గి, మట్టిని మోయలేక దించేస్తుంది. వరద ఒడ్డు దాటినప్పుడు బరువైన ఇసుక, ముతక మట్టి ఒడ్డు పక్కనే పడిపోతాయి. సన్నని మట్టి దూరం పోయి పేరుకుంటుంది. వేల సంవత్సరాలు ఇలా జరగడం వల్ల డెల్టాలో ఒక వింత ఏర్పడింది. మామూలుగా నది పల్లంలో ఉంటుందనుకుంటాం. ఇక్కడ నది ఒడ్డే ఎత్తు. ఒడ్డు నుంచి దూరం పోయినకొద్దీ నేల పల్లమవుతుంది.

కాటన్ చూసిన వాలు

1832, 33 సంవత్సరాలలో తెలుగు జిల్లాలను డొక్కల కరువు పీడించింది. పక్కనే అంత పెద్ద నది పారుతున్నా, ఆ నీరు పొలానికి ఎక్కే దారిలేదు. ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ఆ దారి చూపించాడు. డెల్టాకు తల ధవళేశ్వరం. అంటే డెల్టా మొత్తంలో ఎత్తైన చోటు. అక్కడ నీటిని కొద్దిగా పైకి లేపితే చాలు, యంత్రాల అవసరం లేకుండా నీరు తనంతట తానే సముద్రం దాకా పొలాల మీదుగా పారుతుంది.

నది అక్కడ చాలా వెడల్పు. అడుగున గట్టి రాయి లేదు, అంతా ఇసుక. ఇసుక మీద కట్టడం నిలుస్తుందా? తమిళదేశంలో కావేరి మీద చోళులు కట్టిన కల్లణైని కాటన్ పరిశీలించాడు. ఇసుక మీద కూడా రాతికట్టడం నిలుస్తుందని ఆ పాతకాలపు పనివాళ్ళ వల్లనే తెలుసుకున్నాడు. నది మధ్య ఉన్న లంకలను ఆసరా చేసుకుని, నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టించాడు. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది. కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు మన తెలుగువాడు వీణెం వీరన్న. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1970లలో మొదలుపెట్టి 175 తలుపులున్న కొత్త బారేజీని కట్టారు. దానికి కాటన్ పేరే పెట్టారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. మీ నడకను అక్కడి నుంచే మొదలుపెట్టండి. లోపలి నమూనాలు చూసి బయటికి వస్తే, అసలు కట్టడం బాగా అర్థమవుతుంది.

తరువాత లాకుల దగ్గర కాసేపు ఆగండి. వాలు ఉన్నచోట కాలువ నీరు మరీ వేగంగా పారితే గట్లు కోసుకుపోతాయి. అందుకని కాలువను మెల్లగా పారనిచ్చి, మిగిలిన వాలును అక్కడక్కడ మెట్టులా ఒక్కచోటే దింపుతారు. మరి పడవ మెట్టు ఎలా దిగుతుంది? లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య ఉన్న తొట్టి. పడవ తొట్టిలోకి వచ్చాక పై తలుపులు మూసి, తొట్టిలోని నీటిని కిందికి వదులుతారు. నీటితోపాటు పడవా దిగుతుంది. అప్పుడు కింది తలుపులు తెరుస్తారు. ఒకప్పుడు ధాన్యం, మనుషులు ఈ విధంగానే పడవల మీద ప్రయాణం చేసేవారు.

మీరే చేసి చూడండి

మొదటి ప్రయోగం: కాలువగట్టు మీద 30 మీటర్ల దూరం కొలిచి రెండు గుర్తులు పెట్టండి. ఎగువన ఉన్న వంతెన మీద నుంచి ఒక బత్తాయి తొక్కను నీటిలో వేయండి. మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు ఎన్ని సెకన్లలో చేరిందో చూడండి. 50 సెకన్లు పట్టిందనుకుందాం. వేగం సెకనుకు 0.6 మీటరు. పైనీటి కన్నా అడుగునీరు మెల్లగా పారుతుంది. కాబట్టి దీన్ని 0.85తో గుణించండి. సగటు వేగం సుమారు 0.5 మీటరు. కాలువ వెడల్పు 20 మీటర్లు, లోతు 2 మీటర్లు అనుకుంటే, సెకనుకు 20 ఘనపు మీటర్ల నీరు పోతున్నట్లు. ఇది సుమారు 700 క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు.

రెండో ప్రయోగం: తాపీమేస్త్రి దగ్గర ఉండే సన్నని పారదర్శకపు గొట్టం ఒకటి సంపాదించి, గాలిబుడగలు లేకుండా నీళ్ళు నింపండి. గొట్టం రెండు కొసల్లోనూ నీరు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలుస్తుంది. నాన్నగారిని ఒక కొస పట్టుకుని వంతెన మీద నిలబడమనండి. మీరు రెండో కొసతో పక్కనున్న పొలంలో నిలబడండి. వంతెన మీది కొసలో నీరు నిలిచిన చోటు నుంచి, రాయి కట్టిన తాడు జారవిడిచి, కాలువ నీరు ఎంత కింద ఉందో కొలవాలి. మీ కొసలో నీరు నిలిచిన చోటు నుంచి పొలం ఎంత కింద ఉందో మీరు కర్రతో కొలవాలి. మొదటిది ఒక మీటరు, రెండోది 1.6 మీటర్లు వచ్చిందనుకోండి. అంటే కాలువ నీరు పొలం కన్నా 60 సెంటీమీటర్లు ఎత్తున ఉన్నట్లు!

మా తొమ్మిదో తరగతి పిల్లలతో నేను ఈ ప్రయోగం చేయించినప్పుడు, లంకకు దగ్గరి ఊరినుంచి వచ్చే ఒక అమ్మాయి చాలాసేపు ఆ కర్రనే చూస్తూ నిలబడింది. "అయితే మాస్టారూ, వరదలప్పుడు నది కూడా మా ఇంటికన్నా ఎత్తులోనే ఉంటుందా?" అని అడిగింది. అవును, ఉంటుంది. నదికీ ఇంటికీ మధ్య ఉన్నది ఏటిగట్టు ఒక్కటే. ఆ రోజు ఆ తరగతిలో అంతకన్నా మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. మీరు కొలిచిన కాలువలాంటివి ఐదువేలు ఒక్కసారిగా పారినట్లు ఊహించుకోండి! గట్లు తెగి ఊళ్ళు మునిగాయి. వాలు తక్కువ గనుక ఊళ్ళోకి వచ్చిన నీరు త్వరగా తీయదు. నేల చదునుగా ఉండడం పంటకు వరం, వరదకు శాపం. పల్లంలో మురుగు కాలువలు తవ్వినది ఈ నీటిని సముద్రానికి చేర్చడానికే. వాటిని పూడ్చినా, గట్టును తవ్వినా నష్టం ఊరందరిదీ.

బారేజీ వద్ద నీటి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. ఇకమీదట ఈ అంకెలు విన్నప్పుడు వాటి అర్థం మీకు తెలుస్తుంది.

జాగ్రత్తలు

నడకకు డిసెంబరు, జనవరి నెలలు మంచివి. వరద రోజుల్లో గట్టెక్కవద్దు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అప్పుడు ప్రయోగాలు కుదరవు. కాలువలోకి దిగవద్దు. పైకి మెల్లగా కనిపించే నీరు కూడా మనిషిని లాగేస్తుంది. బారేజీ మీద వాహనాలు తిరుగుతాయి, చిన్నపిల్లల చేయి వదలకండి. పెద్దవాళ్ళు వెంట లేకుండా వెళ్ళనే వద్దు.

ఇంటికి వచ్చాక చేయండి

1. మీది గోదావరి ఊరైతే, 1986 వరదలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో తాతగారిని అడగండి. ఆ ఎత్తుకూ మీ ఇంటి గడపకూ ఎంత తేడా ఉందో నీటిగొట్టంతో కొలవండి.

2. మీది మరో ఊరైతే, వానపడినప్పుడు మీ వీధి నీరు ఎటు పారుతుందో గమనించి పటం గీయండి. మీ ఊరి వాలు మీకే తెలుస్తుంది.