పట్టాతోపాటు పని నేర్పు

"మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసినది, ఉద్యోగ మేది?" అను ప్రశ్న పంచాయతీ సభ్యులకు తరచు ఎదురగును. నేడు పెక్కు సంస్థలు పట్టా చూచి ఊరకొనక, కొంతకాలము పని చేయించి చూచి పిదప ఉద్యోగములోనికి తీసికొనుచున్నవి. మన రాష్ట్రములో 2020వ సంవత్సరమున డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ చేర్చబడినది. అందు తొలి భాగము సమాజ సేవా ప్రాజెక్టు. విద్యార్థి సర్వేకై మీ కార్యాలయమునకు వచ్చినచో సంతకము పెట్టి పంపివేయక, నిజమైన పని అప్పగింపుడు.

స్టైపెండుతో పని నేర్చుటకు 1961 నాటి అప్రెంటిస్ చట్టము కలదు. 2014 సవరణతో ఇది ఇంజనీరింగేతర పట్టభద్రులకును వర్తించినది. 30 మంది, అంతకు మించి పనివారు గల సంస్థ అప్రెంటిస్‌లను చేర్చుకొనవలెను. చిలకలూరిపేట ప్రాంతపు నూలు మిల్లులలో అట్టివి లేకపోలేదు. యాజమాన్యముల నడుగుటకు సభ్యులు సంకోచింప నక్కరలేదు. 2019 నిబంధనలు పట్టభద్రునకు నెలకు 9,000 రూపాయలు కనీస స్టైపెండుగా నిర్ణయించినవి.

అప్రెంటిస్‌గా ప్రభుత్వ పోర్టలులో పేరు నమోదుకు రుసుము లేదు. కావున "చోటిప్పింతు"మని ముందుగా సొమ్మడుగు వారి చేతిలో మిరప అమ్మిన రొక్కము పోయరాదు. ఒడంబడిక వ్రాయించి, నమోదైనదీ లేనిదీ చూచుకొనవలెను. శిక్షణ ముగియగానే ఉద్యోగము తప్పక ఇచ్చి తీరవలెనని చట్టము చెప్పదు. ఒడంబడికలో ఆ షరతున్న యెడలనే యజమాని బద్ధుడు. ఈ సంగతి తల్లిదండ్రులకు సంతకమునకు ముందే తెలుపుడు.