ఒకే తోపు, రెండింతల శక్తి: చిన్న రిమ్‌ఫైర్ తూటాల ఎంపికలో భౌతికశాస్త్రం

ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీకి వాడే లక్ష్య ఫలకం మధ్యలో ఉండే పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అంటే దాదాపు చొక్కా గుండీ అంత. యాభై మీటర్ల దూరంలో ఉన్న ఆ గుండీని మళ్లీ మళ్లీ కొట్టాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ రైఫిల్ త్రీ పొజిషన్స్ పోటీలో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సిఫ్ట్ కౌర్ సమ్రా 469.6 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం అందుకున్నారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్ విభాగంలోనూ వాడేది అదే రకం తూటా. దాని పేరు .22 లాంగ్ రైఫిల్. పుట్టింది 1887లో.

ఆ తరువాత ఇంతకన్నా వేగవంతమైన చిన్న తూటాలు చాలా వచ్చాయి. అయినా పోటీల్లో ఈ పాత, నెమ్మది తూటానే ఎందుకు నిలిచింది? అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాల్లో పంట పొలాలను పాడుచేసే కుందేళ్లు, నేల ఉడుతల మీదికి వెళ్లేవారు మాత్రం వేరే తూటాను ఎందుకు ఎంచుకుంటారు? జవాబులు పదో తరగతి, ఇంటర్ భౌతికశాస్త్ర పాఠాల్లోనే ఉన్నాయి. (ఈ వ్యాసంలో ‘తూటా’ అంటే ఇత్తడి తొడుగు, మందు, గుండు అన్నీ కలిసినది. ‘గుండు’ అంటే గొట్టంలోంచి బయటికి దూసుకుపోయే భాగం.)

రిమ్‌ఫైర్ అంటే ఏమిటి?

తూటా పేలాలంటే ముందుగా చిన్న నిప్పురవ్వ కావాలి. దెబ్బ తగిలితే భగ్గుమనే మిశ్రమం ఆ పని చేస్తుంది. పెద్ద తూటాల్లో అది అడుగుభాగం మధ్యలో, విడిగా అమర్చిన చిన్న గిన్నెలో ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో అలా కాదు. ఇత్తడి తొడుగు అడుగున చుట్టూ మడతలా ఉండే అంచులోనే ఆ మిశ్రమాన్ని నింపుతారు. తుపాకీ పిన్ను ఆ అంచును నొక్కగానే అది రగిలి, లోపలి మందును అంటిస్తుంది.

ఈ పద్ధతిలో తయారీ తేలిక, ధర తక్కువ. కానీ ఒక పరిమితి ఉంది. పిన్ను దెబ్బకు అంచు నలగాలంటే ఆ ఇత్తడి పలుచగా ఉండాలి. పలుచటి ఇత్తడి పెద్ద పీడనాన్ని తట్టుకోలేదు. అందుకే రిమ్‌ఫైర్ తూటాలన్నీ చిన్నవే. పైగా ఒకసారి నలిగిన అంచును తిరిగి వాడలేం కాబట్టి ఖాళీ తొడుగును మళ్లీ నింపుకోవడం కుదరదు. కంపెనీ పెట్టెలో ఏ నాణ్యత ఉంటే షూటర్‌కు దక్కేది అదే.

మూడు తూటాలు, మూడు లెక్కలు

ఈ కుటుంబంలో ఎక్కువగా వినిపించే మూడింటిని పోల్చి చూద్దాం. వేగాలు గొట్టం చివర ఉండేవి. తయారీని బట్టి కొంత మారతాయి.

• .22 లాంగ్ రైఫిల్ (1887), పోటీ రకం: గుండు బరువు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు, గతిజశక్తి 137 జౌళ్లు.

• .22 విన్‌చెస్టర్ మాగ్నమ్ (1959): గుండు బరువు 2.6 గ్రాములు, వేగం 570 మీటర్లు, గతిజశక్తి 420 జౌళ్లు.

• .17 హెచ్‌ఎంఆర్ (2002): గుండు బరువు 1.1 గ్రాములు, వేగం 777 మీటర్లు, గతిజశక్తి 332 జౌళ్లు.

పేర్లలోని .22, .17 అనేవి గుండు వ్యాసాన్ని అంగుళాల్లో ఉజ్జాయింపుగా చెబుతాయి. మొదటిది 5.6 మిల్లీమీటర్లు, రెండోది 4.4 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ద్రవ్యవేగం లెక్క వేయండి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే చాలు. .22 లాంగ్ రైఫిల్‌కు 0.0026 × 325, అంటే సుమారు 0.85. .17 హెచ్‌ఎంఆర్‌కు 0.0011 × 777, అదీ సుమారు 0.85! రెండూ సమానమే. కానీ గతిజశక్తిలో వేగం వర్గం వస్తుంది కాబట్టి .17 శక్తి దాదాపు 2.4 రెట్లు. భుజానికి తగిలే తోపుకు ముఖ్య కారణం ద్రవ్యవేగం. లక్ష్యాన్ని తాకినచోట జరిగే విధ్వంసానికి మూలం శక్తి. ఒక్క లెక్కలో ఈ రెండు రాశుల తేడా ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణలు అరుదు.

గుండు ఎంత కిందికి దిగుతుంది?

గొట్టం దాటిన క్షణం నుంచే గుండు భూమివైపు పడటం మొదలవుతుంది. చేతిలోంచి జారిన రాయి ఎలా పడుతుందో అలాగే. ఎంత పడిందన్నది ప్రయాణ కాలాన్ని బట్టి ఉంటుంది: ½ × 9.8 × కాలం².

పోటీ రకం .22 గుండు 50 మీటర్లు వెళ్లడానికి సుమారు 0.16 సెకన్లు తీసుకుంటుంది. ఆలోగా అది 12 సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. దూరం రెట్టింపై 100 మీటర్లయితే కాలం 0.33 సెకన్లు, దిగుడు 53 సెంటీమీటర్లు. దూరం రెండింతలైతే దిగుడు నాలుగింతలు దాటింది. .17 హెచ్‌ఎంఆర్ అదే 100 మీటర్లను 0.15 సెకన్లలో దాటుతుంది. దిగేది 11 సెంటీమీటర్లే.

గొట్టానికి 4 సెంటీమీటర్ల ఎత్తున దుర్భిణి బిగించి, రెండింటినీ 50 మీటర్లకు సరిచేశామనుకుందాం. అదే గురితో 100 మీటర్ల లక్ష్యాన్ని కొడితే .22 గుండు సుమారు 25 సెంటీమీటర్లు కిందికి పోతుంది. .17 గుండు రెండు మూడు సెంటీమీటర్లే తప్పుతుంది. పోటీ మైదానంలో దూరం ఎప్పుడూ కచ్చితంగా 50 మీటర్లే. అక్కడ ఈ తేడాతో పనిలేదు. పొలంలో కుందేలు 60 మీటర్ల దగ్గర ఉందో, 90 దగ్గర ఉందో కంటితో చెప్పడం కష్టం. అక్కడ ఈ తేడాయే అన్నిటికన్నా ముఖ్యం.

గాలి లెక్క వేరు

వేగంగా వెళ్లే గుండును పక్కగాలి తక్కువగా నెడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలి ప్రభావం మొత్తం ప్రయాణ కాలంపై కాదు, ‘ఆలస్యం’పై ఆధారపడుతుంది. గాలి నిరోధం లేకపోతే పట్టే కాలానికీ, నిజంగా పట్టిన కాలానికీ మధ్య తేడాయే ఈ ఆలస్యం. దాన్ని పక్కగాలి వేగంతో గుణిస్తే గుండు ఎంత పక్కకు జరుగుతుందో తెలుస్తుంది.

100 గజాల దూరానికి, అంటే 91 మీటర్లకు, లెక్క చూద్దాం. పక్కగాలి సెకనుకు 4.5 మీటర్లు అనుకుందాం. పోటీ రకం .22లో ఆలస్యం 0.021 సెకన్లు, కాబట్టి పక్కకు జరిగేది సుమారు 9 సెంటీమీటర్లు. .17 హెచ్‌ఎంఆర్‌లో ఆలస్యం 0.018, జరిగేది 8 సెంటీమీటర్లు. రెండింతలకు మించిన వేగం ఉన్నా లాభం ఒక్క సెంటీమీటరే! కారణం, తేలికైన గుండు గాలిలో వేగాన్ని త్వరగా పోగొట్టుకుంటుంది. ఈ 91 మీటర్లలోనే .17 తన వేగంలో నాలుగో వంతు కోల్పోతుంది.

ఇంకో వింత ఉంది. .22 లాంగ్ రైఫిల్‌లోనే ‘హై వెలాసిటీ’ రకం సెకనుకు 380 మీటర్లతో బయలుదేరుతుంది. దాని ఆలస్యం 0.029 సెకన్లు, పక్కకు జరిగేది 13 సెంటీమీటర్లు. వేగం పెంచితే గాలి దెబ్బ పెరిగింది!

ధ్వని వేగం దగ్గర ఏం జరుగుతుంది?

ఈ వింతకు కారణం ధ్వని వేగం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వస్తువు వేగం దీన్ని సమీపించినప్పుడు ముందు భాగంలో అఘాత తరంగాలు ఏర్పడి, గాలి నిరోధం ఒక్కసారిగా ఎగబాకుతుంది. హై వెలాసిటీ గుండు ఈ గీతకు పైన బయలుదేరి, దారిలో దాన్ని దాటి కిందికి దిగుతుంది. నిరోధం ఎక్కువగా ఉండే ప్రాంతంలోనే ఎక్కువసేపు గడుపుతుంది. పోటీ రకం గుండు మొదటినుంచీ గీతకు కిందనే ఉంటుంది. అందుకే పోటీ తూటాలను కావాలనే నెమ్మదిగా తయారుచేస్తారు.

వేగం ఎంతన్నదానికన్నా, ప్రతి తూటాకూ అది ఒకేలా ఉందా అన్నది పోటీలో కీలకం. రెండు తూటాల మధ్య సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే 50 మీటర్ల దగ్గర గుళ్లు ఒకదానికొకటి 7 మిల్లీమీటర్లకు పైగా పైకీ కిందికీ పడతాయి. వలయం మొత్తం 10.4 మిల్లీమీటర్లే అన్నది గుర్తుచేసుకోండి. షూటర్ చెయ్యి వణకకపోయినా పతకం చేజారిపోతుంది. అందుకే పెద్ద స్థాయి క్రీడాకారులు వేర్వేరు బ్యాచ్‌ల తూటాలను తమ రైఫిల్‌లో పరీక్షించి, బాగా కుదిరిన బ్యాచ్‌ను ఎంచుకుంటారు. నియమాల ప్రకారం కూడా ఈ పోటీలకు 5.6 మిల్లీమీటర్ల లాంగ్ రైఫిల్ రిమ్‌ఫైరే వాడాలి. గుండు సీసం లేదా అలాంటి మెత్తని పదార్థంతో ఉండాలి.

పొలంలో: దయ, భద్రత, సీసం

చిన్న జంతువును చంపక తప్పని చోట మొదటి సూత్రం ఒకటే. అది బాధపడకుండా వెంటనే చనిపోవాలి. గాయపడి పొదల్లోకి పోకూడదు. .22 లాంగ్ రైఫిల్‌తో అది 50 నుంచి 60 మీటర్ల లోపే నమ్మకంగా సాధ్యం. కుందేలు పరిమాణం జంతువుకు .17 హెచ్‌ఎంఆర్ 100 మీటర్లు, కొంచెం పైన కూడా సరిపోతుంది. గాలి ఉంటే ఆ హద్దు తగ్గించుకోవాల్సిందే. .22 మాగ్నమ్‌లో బరువు, శక్తి రెండూ ఎక్కువ కాబట్టి కొంచెం పెద్ద జంతువుకు అది మెరుగు.

.17 గుండు పలుచటి రాగి తొడుగుతో, తగలగానే ముక్కలయ్యేలా తయారవుతుంది. గొట్టంలోని మెలి గాళ్ల వల్ల అది సెకనుకు దాదాపు 3,400 చుట్లు తిరుగుతుంది. నేలకు తగిలినా సాధారణంగా చిట్లిపోతుంది. మెత్తని సీసపు .22 గుండు అలా కాదు. రాతిని, గట్టి నేలను, నీటిని తాకి ఎగిరి మరోవైపు పోయే ప్రమాదం ఎక్కువ. చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోరాదు. తగిన కోణంలో పేలిస్తే .22 గుండు ఒక కిలోమీటరు దాటి పోగలదు. లక్ష్యం వెనుక మట్టి గట్టు లేనప్పుడు ఏ తూటా అయినా తప్పు తూటాయే.

ముక్కలవడంలో మరో నష్టం ఉంది. సీసపు రేణువులు కళేబరంలో మిగిలిపోతాయి. దాన్ని తిన్న గద్దలు, రాబందుల శరీరంలోకి సీసం చేరుతుంది. కాలిఫోర్నియా కాండోర్ అనే రాబందు అంతరించే దశకు చేరడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అందుకే ఆ రాష్ట్రంలో 2019 జూలై 1 నుంచి వన్యప్రాణుల వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించారు. షూటర్లకూ ఇది వర్తించే విషయమే. తూటా అంచులోని మిశ్రమంలోనూ సాధారణంగా సీసపు సమ్మేళనం ఉంటుంది. నాలుగు గోడల రేంజ్‌లో గాలి బాగా మారే ఏర్పాటు ఉండాలి. సాధన ముగిశాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

మన దేశంలో

భారతదేశంలో రిమ్‌ఫైర్ తూటాల స్థానం క్రీడా మైదానమే. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు తప్పనిసరి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 వేటను నిషేధించింది. హానికర జంతువుల జాబితాగా ఉన్న అయిదో షెడ్యూలును 2022 సవరణ తొలగించింది. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే లేదా చట్టప్రకారం వన్యప్రాణి అధికారి రాతపూర్వక అనుమతి ఇస్తే తప్ప, పంట తిన్నదని ఏ రైతూ అడవి జంతువుపై తుపాకీ ఎత్తడానికి లేదు. 2015 చివర్లో బిహార్‌లో నీల్గాయిలు, అడవిపందుల విషయంలో అలాంటి నోటిఫికేషన్ వచ్చింది. అంత పెద్ద జంతువులకు చిన్న రిమ్‌ఫైర్ ఏ విధంగానూ తగదు. దానితో జరిగేది గాయపరచడమే.

ఇక ఎలుకలకు తుపాకీ పరిష్కారమే కాదు. ఆంధ్ర పొలాల్లో యానాదులు తరతరాలుగా గట్ల మీది కలుగులు తవ్వి ఎలుకలు పట్టే నేర్పు చూపుతున్నారు. ఆస్ట్రేలియా అనుభవమూ అదే చెబుతుంది. 1859లో విక్టోరియాలో వేట సరదాకు వదిలిన కొద్దిపాటి కుందేళ్లు ఖండమంతా పాకాయి. ఎన్ని తుపాకులున్నా అవి తగ్గలేదు. 1950లో మిక్సోమా వైరస్‌ను వదిలాకే సంఖ్య గణనీయంగా పడిపోయింది. తుపాకీ ఒక జంతువును ఆపగలదు కానీ, వేగంగా పిల్లలు పెట్టే జాతిని ఆపలేదు.

ఏది దేనికి?

• తెలిసిన దూరం, కాగితపు లక్ష్యం, వేల కొద్దీ సాధన గుళ్లు: .22 లాంగ్ రైఫిల్, ధ్వని వేగానికి లోపున్న పోటీ రకం.

• చట్టం అనుమతించే దేశాల్లో, దూరం కచ్చితంగా తెలియని పొలంలో, చిన్న జంతువు: .17 హెచ్‌ఎంఆర్.

• అక్కడే, కొంచెం పెద్ద జంతువు: .22 మాగ్నమ్.

మీరే లెక్కించండి

ఒక .22 గుండు 50 మీటర్ల దూరానికి 0.159 సెకన్లు తీసుకుంది. గాలి నిరోధం లేకపోతే 0.153 సెకన్లు పట్టేది. పక్కగాలి సెకనుకు 3 మీటర్లు. గుండు ఎంత పక్కకు జరుగుతుంది? పది పాయింట్ల వలయం అంచు దాని కేంద్రం నుంచి 5.2 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. గురి సరిగ్గా మధ్యలో ఉన్నా పది పాయింట్లు వస్తాయా?

జవాబు: ఆలస్యం 0.006 సెకన్లు. దాన్ని 3తో గుణిస్తే 0.018 మీటర్లు, అంటే 18 మిల్లీమీటర్లు. గుండు వ్యాసార్థం 2.8 మిల్లీమీటర్లు తీసేసినా దాని దగ్గరి అంచు కేంద్రానికి 15 మిల్లీమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. పది రాదు. చెట్ల ఆకులు మెల్లగా కదిలే గాలి చాలు, పది పాయింట్లను దూరం చేయడానికి. రేంజ్‌లో వరుసగా కట్టిన చిన్న జెండాల వైపు షూటర్లు అన్నిసార్లు ఎందుకు చూస్తారో ఈ లెక్క చెబుతుంది.