ప్రత్తి, మిరప చేలలో ఎర పంటగా బంతి

ప్రత్తిపాడు ప్రాంతపు నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప చేల గట్లపై అక్కడక్కడ బంతి మొక్కలు కనుపించును. పురుగు తగ్గునని కొందరు, పండుగలకు పూలు వచ్చునని కొందరు వీనిని పెంచుదురు. బంతి వేసినను పురుగు తగ్గలేదని చెప్పు రైతులును కలరు. వారి మాటను త్రోసివేయరాదు. బంతి నాటుట ఒక్కటే చాలదు. పైరు పూతకు వచ్చు వేళకు బంతి పూసి యుండవలెను. బంతిపై చేరిన పురుగును రైతు ఏరి చంపవలెను. ఈ రెండింటిలో ఏది తప్పినను, ఎర కావలసిన బంతి పురుగుకు పుట్టినిల్లగును.

శనగపచ్చ పురుగు

బంతి ముఖ్యముగా ఆకర్షించునది శనగపచ్చ పురుగును. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిని ఈ పురుగు తుడిచిపెట్టినది. మందు వెంట మందు చల్లినను పురుగు చావలేదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను తట్టుకొను శక్తి దానికి అబ్బినది. దిగుబడి పోయి, మందుల అప్పు మిగిలి, ప్రాణములు తీసికొన్న రైతులు ఉన్నారు. మందు ఒక్కదానినే నమ్ముకొనరాదను పాఠము అప్పుడు నేర్చినదే.

దీని తల్లిపురుగు రాత్రివేళ తిరుగుచు లేత చిగుళ్లపై, మొగ్గలపై, పూలపై విడివిడిగా గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు గసగసాల గింజకంటె చిన్నది. మూడు నాలుగు దినములలో పిల్ల బయటికి వచ్చును. పెరిగిన పురుగు కాయకు రంధ్రము చేసి, తల లోపలను, వెనుకభాగము వెలుపలను ఉంచి తినును. కాయలో దూరిన పురుగుకు మందు సరిగా అందదు. కావున గ్రుడ్డు, పిల్ల దశలలోనే దానిని పట్టవలెను. పూచిన బంతి దగ్గర నున్నచో తల్లిపురుగు పెక్కు గ్రుడ్లను దానిపైననే పెట్టును. బంతి వలన ఉపయోగ మిదియే.

నారు పోయు కాలము

బంతి పుట్టినిల్లు మెక్సికో ప్రాంతము. ఎర పంటకు పెద్ద పూలు పూయు ముద్దబంతి మంచిది. ఎకరమునకు సుమారు 100 మొక్కలు చాలును. రెండు మూడు గ్రాముల విత్తనము సరిపోవును. నిరుటి పూలను ఎండబెట్టి తీసిన గింజలైనను పనికివచ్చును. ఎత్తైన మడిలో పలుచగా చల్లి, మెత్తని మన్ను కొద్దిగా కప్పి తడుపవలెను. వారము లోపల మొలచును. 25 నుండి 30 దినములలో నారు నాటుటకు వచ్చును.

ప్రత్తి విత్తిన సుమారు 45 దినములకు మొగ్గ తొడుగును. ప్రత్తి విత్తిన రోజులలోనే బంతి నారు నాటినచో ఆ వేళకు పూతకు వచ్చును. అనగా ప్రత్తి విత్తుటకు నాలుగు వారములు ముందే బంతి నారు పోయవలెను. మిరపలో నారు నాటిన రోజుననే బంతిని కూడ నాటవలెను. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు టమాటా విషయములో 25 దినముల టమాటా నారుతో 40 దినములు దాటిన బంతి నారును, 16 సాళ్లకు ఒక సాలు చొప్పున నాటింపగా మంచి ఫలితము వచ్చినది. ఎరకు వయస్సు ఎక్కువ ఉండవలెనని దీనివలన తెలియుచున్నది.

నాటుట

మొక్కలన్నియు గట్టునకే పరిమితము చేయరాదు. సగము గట్ల వెంట, సగము చేను లోపల సాళ్లలో నాటవలెను. రేగడిలో నీరు నిలిచినచో బంతి వేరు కుళ్లి చచ్చును గావున బోదె మీదనే నాటుట మేలు. నాటిన దినమున ఒక చెంబెడు నీరు పోయవలెను. పూలకై పెంచువారు తలలు త్రుంచుదురు. దాని వలన కొమ్మలు పెరుగును గాని పూత ఆలస్యమగును. ఎరకు నాటిన తొలి మొక్కల తలలు త్రుంచరాదు. నెల దినముల తరువాత మరికొన్ని మొక్కలు నాటినచో పూత తెగకుండ నడచును.

పురుగును ఏరుట

వారమునకు రెండు సార్లు, ఉదయము పూట, ప్రతి బంతి మొక్కను చూడవలెను. పూరేకుల నడుమ నల్లని రెట్ట కనుపించినచో లోపల పురుగు ఉన్నదని తెలిసికొనవలెను. వానిని ఏరి సబ్బునీటిలో వేయవలెను. తలక్రిందుగా వ్రేలాడుచు నల్లబడి చచ్చిన పురుగులను మాత్రము అట్లే వదలవలెను. అవి వైరస్ తెగులుచే చచ్చినవి; వాని నుండి తెగులు తక్కిన పురుగులకు అంటును. ఎన్.పి.వి. ద్రావణము ఈ వైరస్ తోనే చేసినది. ఎండకు అది చెడును గావున ప్రొద్దు క్రుంకిన తరువాతనే చల్లవలెను.

పూలు కోయుట

దసరాకు తోరణములకును, సంక్రాంతికి గొబ్బెమ్మలకును బంతి పూలు కావలసినవే. బాగుగ విచ్చిన పూలను, పురుగు చూచుకొని, కోయవచ్చును. కాని ఒక్కసారి మొక్కలన్నిటిని దులిపివేసినచో ఆ రాత్రి తల్లిపురుగు ప్రత్తిని, మిరపను వెదకికొనును. మొగ్గలను, కొన్ని పూలను ఎల్లప్పుడు మొక్కపై ఉంచవలెను. పురుగుమందు చల్లిన మొక్కల పూలను ఇంటికి తేరాదు.

బంతి వలన కానిది

2002 నుండి బి.టి. ప్రత్తి వచ్చి ప్రత్తిలో శనగపచ్చ పురుగు బాధ తగ్గినది. మిరపలో అది ఇంకను ఉన్నది. ఇప్పుడు ప్రత్తిని బాధించు గులాబీరంగు పురుగునకు బంతి ఎర కాదు. దానికి లింగాకర్షక బుట్టలు పెట్టి, పంటకాలము ముగియగనే మోళ్లు తీసివేయవలెను. పొగాకు లద్దె పురుగుకు ఆముదము ఎర. తామరపురుగులు బంతి పూలలో సయితము చేరును గావున మిరప రైతులు పూలను తెల్లకాగితముపై దులిపి చూచుకొనవలెను. బంతి వేర్లు నులిపురుగులను అణచుట నిజమే గాని, అందులకు బంతిని చేను నిండ దట్టముగా పెంచవలెను. గట్టుమీది నూరు మొక్కలు చాలవు.

గ్రామ వ్యవసాయ సహాయకులు బంతి విత్తనము ఇచ్చునప్పుడే నారు పోయు తేదీని, పురుగు ఏరు దినములను రైతుకు చెప్పవలెను. ప్రక్కప్రక్క చేల రైతులు కలిసి ఈ పని చేసినచో ఫలితము అధికము. ఏలనన, రెక్కల పురుగుకు మన గట్లు అడ్డము కావు.