ముందు ప్రాణం, తర్వాతే ధనం: చరకుడు చెప్పిన ఆరోగ్య పాఠం



పోయిన ఏడాది ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నాను. షుగర్, థైరాయిడ్, బీ12 అన్నీ నార్మల్. రిపోర్ట్ వాట్సాప్‌లో ఇంటికి పంపితే అమ్మ ఒక్కటే అడిగింది. "అన్నీ బాగుంటే, ఫోన్ ఎత్తగానే అలా కసురుకుంటావెందుకు రా?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రి రెండింటి దాకా కాల్స్, పొద్దున తొమ్మిదింటికి మళ్ళీ మీటింగ్, మధ్యలో ఎప్పుడో తిండి. జబ్బు లేదు, నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్నానా?

సంస్కృతంలో ఆరోగ్యవంతుణ్ణి "స్వస్థుడు" అంటారు. అంటే తనలో తాను నిలిచి ఉన్నవాడు. సుశ్రుత సంహిత ప్రకారం స్వస్థుడికి దోషాలు, జఠరాగ్ని, ధాతువులు సమంగా ఉండాలి, మలవిసర్జన సరిగ్గా జరగాలి. అక్కడితో ఆగదు. ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండాలని కూడా చెబుతుంది. నా రిపోర్ట్ మొదటి సగాన్ని చూసింది, అమ్మ రెండో సగాన్ని చూసింది. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి కూడా ఇదే దారిలో ఉంది. శరీరం, మనసు, సమాజంలో మన బతుకు, ఈ మూడూ బాగుంటేనే ఆరోగ్యమని, జబ్బు లేకపోవడం ఒక్కటే చాలదని అంటుంది.

మరి దానికి ఏం కావాలి? చరక సంహిత సూత్రస్థానంలో 11వ అధ్యాయం చూద్దాం. అందులో మూడేసి చొప్పున చాలా విషయాలు ఉంటాయి. మనకు పనికొచ్చేవి మూడు తీసుకుందాం.

1. మూడు కోరికలు

మనిషికి మూడు ఏషణలు, అంటే మూడు గట్టి కోరికలు ఉండాలంటాడు చరకుడు: ప్రాణం, ధనం, పరలోకం. గమనించండి, డబ్బు కోరుకోవడం తప్పని ఆయన అనలేదు. బతకడానికి సాధనాలు లేకుండా ఎక్కువ కాలం బతకడం కంటే పాపిష్టి స్థితి లేదన్నంత గట్టిగా చెప్పాడు. కాకపోతే వరుసలో ప్రాణం మొదటిది, ధనం రెండోది. ప్రాణం పోతే అన్నీ పోయినట్టే కదా! నేను చేసిన తప్పు సంపాదించడం కాదు, రెండోదాని కోసం మొదటిదాన్ని ఖర్చు పెట్టడం.

2. మూడు ఉపస్తంభాలు

శరీరాన్ని నిలబెట్టే గుంజలు మూడు: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. బ్రహ్మచర్యం అనగానే పెళ్ళి మానేయాలేమో అని కంగారు పడకండి. గృహస్థుడికి అది ఇంద్రియాలను అదుపులో పెట్టుకోవడం. అర్ధరాత్రి "ఇంకొక్క రీల్" అంటూ గంట పోగొట్టుకుంటాం చూడండి, అక్కడ విరిగేది ఈ మూడో గుంజే. దాంతోపాటు రెండోది కూడా ఒరిగిపోతుంది. సుఖం, దుఃఖం, బలం, నీరసం నిద్ర మీదే ఆధారపడి ఉన్నాయని ఇదే గ్రంథం ఇంకోచోట చెబుతుంది. గుంజలు విరగ్గొట్టుకుని పైకప్పుకి రంగులు వేసినట్టు, మనం నిద్ర మానేసి విటమిన్ మాత్రలు కొంటున్నాం.

3. మూడు చికిత్సలు

మంత్రం, పూజ, హోమం లాంటివి దైవవ్యపాశ్రయం. ఆలోచించి ఇచ్చే మందు, పథ్యం యుక్తివ్యపాశ్రయం. చెడు విషయాల నుంచి మనసును మళ్ళించడం సత్త్వావజయం. మూడింటికీ చోటు ఉంది. "స్తోత్రం చదువుతున్నాను కదా, డాక్టర్ ఎందుకు" అనడం భక్తి కాదు. దిగులో, నిద్రలేమో వారాల తరబడి వదలకపోతే డాక్టర్‌ని కలవండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంకొక్క మాట. 1986లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ఆరోగ్య సదస్సు, ఆరోగ్యానికి ముందుగా ఉండాల్సినవి ఏమిటో చెప్పింది. శాంతి, ఇల్లు, చదువు, తిండి, ఆదాయం, నిలకడైన ప్రకృతి, సామాజిక న్యాయం అందులో ఉన్నాయి. వీటిలో చాలావరకు ఒక్కరి చేతిలో ఉండేవి కావు. రాత్రి పదకొండున్నరకి నేను బిర్యానీ ఆర్డర్ పెడితే, నా ఆహారం, నా నిద్రతో పాటు తెచ్చే అబ్బాయి నిద్ర కూడా పోతుంది. పూజ చివర "అందరూ సుఖంగా ఉండాలి, ఎవరికీ రోగాలు రాకూడదు" అని కోరుకుంటాం. ఆ "అందరూ"లో అతనూ ఉన్నాడు.

ఇప్పుడు నేను రాత్రి తొమ్మిదిలోపు తినేస్తున్నాను. పదకొండుకి ఫోన్ హాల్లో పెట్టి పడుకుంటున్నాను. రిలీజ్ ఉన్న వారం తప్పుతోంది, దాచను. కానీ మొన్న అమ్మతో ఇరవై నిమిషాలు మాట్లాడాను, విసుక్కోకుండా. ఏ రిపోర్టులోనూ రాదు కానీ, అది కూడా ఆరోగ్యమే.

ఈ వారం మీ మూడు గుంజల్లో ఏది ఒరిగిందో ఒకసారి చూసుకోండి. ముందు ఆ ఒక్కటి సరిచేయండి.

శుభం.