క్షయ క్రిమి వేసే ముడి

మా మామయ్య ఇల్లు ఎర్రమంజిల్‌లో. నేను బి.ఎస్సీ. చదివే రోజుల్లో ఆయనకు క్షయ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగి బాగుపడ్డాడు గాని, ఒక ప్రశ్న మాత్రం పదే పదే అడిగేవాడు: "ఒంట్ల కాపలా కాసే కణాలున్నయంటవు గదరా, మరి అవన్నీ పండుకున్నయా?" అప్పట్లో నా దగ్గర జవాబు లేదు.

ఎర్రమంజిల్ ప్యాలెస్ కట్టించిన నవాబు ఫక్రుల్ ముల్కే ఎర్రగడ్డలో ఇర్రం నుమా కూడా కట్టించాడు. ఆ రెండో మేడే తరువాత ఛాతీ ఆసుపత్రి అయింది. అక్కడికి తోడు వెళ్ళినప్పుడల్లా ఈ సంగతి మామయ్య గొప్పగా చెప్పేవాడు.

ఇక విషయానికి వస్తాను. జీవశాస్త్రం చదవని మిత్రులు కంగారుపడనక్కరలేదు.

ఊపిరితిత్తుల్లో క్షయ క్రిమిని ముందుగా మింగేది మాక్రోఫేజ్ అనే భక్షక కణం. మింగినదాన్ని చంపాలంటే అది ఆక్సిజన్‌తో ఘాటైన పదార్థాలు తయారు చేయాలి. అందుకు కావలసిన జన్యువులు దాని కేంద్రకంలోనే ఉన్నాయి. ఉంటే చాలదు, తెరుచుకోవాలి. ఒక్కో కేంద్రకంలో దాదాపు 2 మీటర్ల డి.ఎన్.ఏ. దారం, హిస్టోన్లనే ప్రొటీన్ల కండెలకు చుట్టి ఉంటుంది. ఎనిమిది హిస్టోన్లు కలిస్తే ఒక కండె. వాటి మీద పడే చిన్న రసాయనిక గుర్తులను బట్టి దారం వదులవుతుంది, లేదా బిగుస్తుంది. జన్యువులో అక్షరం ఒక్కటీ మారదు, చదవడం మారుతుంది. ఎపిజెనెటిక్స్ అంటే ఇదే.

2015లో మన హైదరాబాదు సి.డి.ఎఫ్.డి.కి చెందిన సంజీవ్ ఖోస్లా బృందం 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ఒక ఫలితం ప్రకటించింది. క్షయ క్రిమి ఆర్‌వి1988 అనే ప్రొటీన్‌ను స్రవిస్తుంది. అది భక్షక కణపు కేంద్రకంలో దూరి, హెచ్3 హిస్టోన్‌లో 42వ స్థానంలోని ఆర్జినైన్‌కు మిథైల్ సమూహాలు తగిలిస్తుంది. ఇలాంటి గుర్తులు ఎక్కువగా హిస్టోన్ తోక మీద పడతాయి. ఇది పడేది తోక మీద కాదు, దారం కండెలోకి వచ్చిపోయే చోట! దాంతో మొదటి రక్షణకు కావలసిన జన్యువులు అణగిపోతాయి. నిజం చెప్పొద్దూ, దొంగ తెలివంటే ఇదీ.

ఆ ప్రొటీన్ తీసేసిన క్షయ క్రిమి ఒంట్లో నిలదొక్కుకోవడం తగ్గింది. రోగం కలిగించని స్మెగ్మాటిస్ క్రిమికి అదే ప్రొటీన్‌ను అమర్చి ఎలుకల్లోకి పంపితే, వాటి ఆరోగ్యం దెబ్బతింది. ఈ రెండో ప్రయోగమే నాకు గట్టి సాక్ష్యమనిపిస్తుంది.

పండక్కి వెళ్ళినప్పుడు ఇదంతా మామయ్యకు కాగితం మీద గీసి చెప్పాను.

"పండుకోలేదన్నట్టు, చేతులు కట్టేసిన్రు" అన్నాడు. "మరి ఆ ముడి విప్పే గోలి ఏదిరా?"

ఇలాంటి గుర్తును సూత్రప్రాయంగా తుడిచేయవచ్చు గాని, చికిత్స అంటే నేటికీ క్రిమిని చంపే మందులే, నెలల తరబడి, మధ్యలో మానకుండా అన్నాను.

"అది నాకు నువ్వు చెప్పాల్నా!" అన్నాడు.