వీపున ఒకటి, చేతిలో ఒకటి

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం సినిమాల్లో ఒక అమెరికా సైనికుడు వైర్‌లెస్ సెట్టును వీపున మోస్తాడు, మరొకడు చేత్తో పట్టుకుంటాడు. ఎందుకీ తేడా?

జవాబు: రెండూ తర్వాత మోటరోలాగా పేరు మారిన గాల్విన్ సంస్థవే. 1941 నాటి చేతి సెట్టు ఎస్‌సీఆర్-536లో 5 వాల్వులే. బరువు 2 కిలోల పైచిలుకు. ఏరియల్ పైకి లాగితే చాలు, సెట్టు ఆన్ అయ్యేది. యుద్ధరంగంలో తడుముకునే పని తప్పించిన గొప్ప ఆలోచన అది! అయితే ఏఎం పద్ధతి కావడంతో గరగర ఎక్కువ. నేల మీద దాదాపు మైలు దూరమే పనిచేసేది.

వీపు సెట్టు ఎస్‌సీఆర్-300 వాడుకలోకి వచ్చింది 1943లో. ఆ సంస్థ ఇంజినీరు డేనియల్ నోబుల్ నేతృత్వంలో ఎఫ్ఎం పద్ధతిలో రూపొందించారు. 18 వాల్వులు, పెద్ద బ్యాటరీ కలిసి సుమారు 15 కిలోల బరువు. మాట మాత్రం 3 మైళ్లు స్పష్టంగా వెళ్లేది. అందుకే సైన్యంలో చిన్న దళమైన ప్లటూన్‌కూ దాని పై దళమైన కంపెనీకీ మధ్య చేతి సెట్టు, కంపెనీకీ ఇంకా పెద్దదైన బెటాలియన్‌కూ మధ్య వీపు సెట్టు వాడేవారు.