చోటు పట్టు మాటలు

హోసూరు బస్సు నిలయమున డెంకణికోట బస్సు నిలుచుటకు ముందే కిటికీలోనుండి తువ్వాలొకటి లోనికి పడుట మన విద్యార్థులెల్లరును చూచినదే. తువ్వాలు ప్రయాణము చేయదు. చోటు మాత్రము పట్టును. కంప్యూటరుపై తెరలను కూర్చు పనిముట్లలోను ఇట్టి తువ్వాళ్లు కలవు.

2010లో గూగుల్ వారు వెలువరింపగా, పిదప ఎం.ఐ.టి. వారి నిర్వహణకు వచ్చిన ఆప్ ఇన్వెంటర్ ఇందుకు మంచి ఉదాహరణము. ఎడమవైపు పట్టికనుండి ఒక లేబులును మౌసుతో ఈడ్చి నడిమి తెరపై విడిచినచో, అది 'టెక్స్ట్ ఫర్ లేబుల్1' అను మాటతో అచట కూర్చుండును. ఇది చోటు పట్టు మాట. అసలు మాటను తరువాత వ్రాసికొనవచ్చును గనుక, తెర రూపము ముందుగానే కంటికి కనబడి పని త్వరగా సాగును.

చిక్కు ఇచటనే కలదు. మా పిల్లలు గ్రంథాలయ సభ్యత్వ పత్రమును ఇట్లు కూర్చుచు, ఆ ఇంగ్లీషు మాటకు సరిపోవునట్లే పెట్టెల ఎత్తును అంకెలతో బిగించిరి. పిదప చిరునామా వరుసలో 'రాష్ట్రము' అని వ్రాసి ఫోనులో తెరచి చూడగా, 'ష్ట్ర'లోని వత్తులు నడుమకు తెగిపోయెను. ఒక బాలిక, "ఇంగ్లీషులోనే పెట్టేద్దామా, సార్?" అని అడిగెను. మా మనసు చివుక్కుమన్నది. తప్పు తెలుగుది కాదమ్మా, కొలతది. ఇంగ్లీషు అక్షరములు వరుసగా నడచును. మనవి పైకిని క్రిందికిని పెరుగును. ముద్రాపకులు పుట నింపుటకు వాడు 'లోరెమ్ ఇప్సమ్' పాఠము సిసెరో లాటిను రచననుండి చెదరగొట్టి తీసినది. వెదకినను అందు ఒక్క వత్తు దొరకదు!

కావున చోటు పట్టుటకు మొదటనే 'రాష్ట్రము', 'స్త్రీ', 'ఉత్తీర్ణత' వంటి బరువైన మాటలను ఉంచుడు. ఎత్తును అంకెతో బిగింపక 'ఆటోమేటిక్' అని విడువుడు.

వ్రాయు పెట్టెలో బూడిదరంగున కనబడు 'హింట్' సంగతి వేరు. మొదటి అక్షరము పడగానే అది మాయమగును. 'తండ్రి పేరు' అని హింటులో మాత్రమే వ్రాసినచో, పిల్లవాని పత్రమును నింపుచు నడుమ పొయ్యి చూచి వచ్చిన తల్లికి ఆ పెట్టె ఎవరి పేరుకో తెలియదు. ఆ మాట పెట్టెపైన లేబులుగా నిలువవలెను.

పిల్లలు తెరను మరల కూర్చిరి. 'రాష్ట్రము' నిండుగా నిలిచినది. తమిళ, కన్నడ లేబుళ్లును ప్రక్కనే ఇమిడినవి. అడుగున 'టెక్స్ట్ ఫర్ బటన్3' అను తువ్వాలు మాత్రము ఇంకను పడియున్నది. అది వేసినవారెవరో వచ్చి తీయవలెను.